దుబాసీ ఎద్దు

"ఎద్దుకి తలపాగా చుట్టండ్రోయ్! చుట్టం సందు మలుపు తిరిగేశాడు!"

వీధి చివరికంటా వినబడ్డ ఆ కేక నాదే. తెలివికి మా ఇల్లు పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా మేమే లెండి.

మా మేనకోడలు ఈశ్వరి వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. తనతో చదివే థెంబా అనే దక్షిణాఫ్రికా కుర్రాణ్ణి భోజనానికి తీసుకొస్తానని ముందురోజు ఫోన్ చేసింది. "మావయ్యా, అతను ఆకలితో వెనక్కెళ్తే కాలేజీలో నేను తలెత్తుకోలేను" అంది. పనిలో పనిగా కాస్త చదువూ చెప్పింది. "నోరు అందరికీ ఒకటే. అది చేసే శబ్దాల్లో ఒక్కో భాష కొన్ని ఏరుకుంటుంది. వాళ్ల భాషలో నాలుకతో టక్కుమనిపించినా అది మాటలో భాగమే."

అంతే. మనం ఏరుకోకుండా వదిలేసినవి ఎక్కడ పడున్నాయోనని మా ఆవిడ వరహాలమ్మ పెరడంతా ఊడ్చి చూసింది. నాకు మాత్రం బుర్ర వెలిగింది. ఎద్దుని అదిలించడానికి రోజూ టక్ టక్‌మంటాను గదా! వెంటనే అడుగేస్తుంది గదా!

"అంటే మన మచ్చోడికి ఆ భాష వచ్చు బావా!" అన్నాడు నా బావమరిది అప్పలకొండ. ఇంకేముంది, ఎద్దుకి దుబాసీ ఉద్యోగం ఇచ్చేశాం.

థెంబా గుమ్మంలోకి రాగానే మర్యాదగా "టక్ టక్" అన్నాను. మచ్చోడు కదిలాడు. తలపాగాతో సహా వడ్డనకి పరిచిన అరిటాకుల దగ్గరికి నడిచి, ఒక్కోటే నమిలేశాడు.

"అయ్యో, ప్చ్ ప్చ్" అంది వరహాలమ్మ.

"అక్కా! వాళ్ల భాషలో ఏం తిట్టేశావో ఏమో!" అని అప్పలకొండ ఆవిడ నోట్లో గారె కుక్కాడు. నాకొకటి కుక్కాడు. తనూ ఒకటి కుక్కుకున్నాడు. ముగ్గురం గుడ్లప్పగించి నిలబడ్డాం. కూర చల్లారిపోతోంది. ఈశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు థెంబా చేతులు జోడించి, "మావయ్యగారూ, ఆకలి దంచేస్తోందండీ. కంచాల్లోనైనా పెట్టెయ్యండి" అన్నాడు.

అప్పలకొండ గారె గుటుక్కున మింగాడు. "బావా! వీళ్ల భాష అచ్చం మన మాటల్లాగే ఉందే!"

"అది తెలుగే మావయ్యా! ఇక్కడికొచ్చి నేర్చుకున్నాడు" అంది ఈశ్వరి.

"ఊరుకోవే, మా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు" అన్నాను.

కంచాలు వేసుకుని అందరం కూర్చున్నాం. మచ్చోడికీ ఒకటి పెట్టాం.

"ఇంకాస్త పప్పు వెయ్యనా బాబూ?" అంది వరహాలమ్మ.

"వెయ్యండి అత్తయ్యగారూ."

ఆవిడ గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఏవండోయ్, నాకూ ఆ భాష వచ్చేసింది!"

నాకు ముద్ద దిగలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ థెంబా వాళ్ల భాషే మాట్లాడుకుంటున్నామన్నమాట!

"బెంగపెట్టుకోకు బావా, ముందు తిను" అన్నాడు అప్పలకొండ, పులుసు కలుపుకుంటూ. "తెలుగు రేపట్నుంచి నేర్చుకుందాం."