మిరపకాయంత ముక్క

తిరుపతమ్మ చెయ్యి వాసంతి మాట వినడం లేదు.

ఒకటో తరగతిలో పద్దెనిమిది మంది పిల్లలు. పదిహేడు మంది చేతులు ఎంతో కొంత దారికొచ్చాయి. తిరుపతమ్మకు మాత్రం క్రేయాను ఇస్తే రోకలి పట్టుకున్నట్టు పిడికిలి బిగించేది. భుజం దగ్గర్నుంచి చెయ్యంతా ఊపి ఒక్క గీత గీసేది. ఆ గీత తన మామిడిపండు బొమ్మలో మొదలై పక్కపిల్ల పుస్తకంలో తేలేది. ఇక ఆ పిల్ల ఏడుపు, ఈ పిల్ల బిక్కమొహం. రోజూ ఇదే తంతు.

వాసంతి ఏదో పొద్దుపోవడానికి రంగులు వేయించే టీచరు కాదు. వేసవిలో జరిగిన శిక్షణకు వెళ్లి, ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకుని మరీ వచ్చింది. రంగులు వేస్తే పిల్లల వేళ్లకు బలం వస్తుంది. గీత దాటకుండా వేస్తుంటే చూపూ చెయ్యీ కలుస్తాయి. బొమ్మ పూర్తయ్యేదాకా కుదురుగా కూర్చోవడం అలవాటవుతుంది. ఆ తర్వాత అక్షరాలు ఇట్టే వచ్చేస్తాయి. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు.

గుంటూరులో నాలుగు దుకాణాలు తిరిగి, ఇరవై నాలుగు రంగులుండే క్రేయాన్ల పెట్టెలు ఏరికోరి తెచ్చింది. వాటికి నియమాలు కూడా పెట్టింది. క్రేయాను విరగకూడదు. దాని మీది కాగితం చిరగకూడదు. గంట కొట్టగానే ఏ రంగు గాడిలో ఆ రంగు పడుకోవాలి. నాలుగు నెలలైనా ఆ పెట్టెలు నిన్నగాక మొన్న కొన్నట్టు ఉన్నాయి. బడికి ఎవరొచ్చినా బీరువా తీసి చూపించేది. అందులో కాస్త గొప్ప కూడా ఉంది, దాచడమెందుకు.

ఆరు వారాలు తిరుపతమ్మ పక్కనే కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి దిద్దించింది. పట్టుకున్నంతసేపూ బాగానే ఉండేది. వదిలితే మళ్లీ పిడికిలే. పలక మీద 'అ' దిద్దమంటే పలక కీచుమనేది గానీ అక్షరం పడేది కాదు. చివరికి వాసంతికి ఓపిక అయిపోయింది. ఒక శుక్రవారం సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిని గేటు దగ్గర ఆపింది.

"దీని చేతికి ఇంకా పట్టు రాలేదమ్మా. ఈ ఏడాదికి మళ్లీ అంగన్‌వాడీలో కూర్చోబెట్టండి. వచ్చే ఏడు చూద్దాం."

తల్లి పేరు సామ్రాజ్యం. కోల్డ్ స్టోరేజీ దగ్గర ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఆమె పక్కన నిలబడితే ఎవరికైనా ఒక తుమ్ము రావాల్సిందే. ఆ మాట విని ఆమె కూతురి రిబ్బను సర్దింది.

"ఎనక్కి పంపితే ఇది ఇంక బడి మొహం చూడదు టీచరమ్మా," అంది. "వాళ్ల నాయన ఇప్పటికే గొణుగుతన్నాడు, రంగులేసుకోటానికా బడి అని. మా అత్త కాడ మేకలున్నయ్యి. ఆడికి తోలేస్తానంటన్నాడు. రేపు పొద్దున పనికి పోతా పోతా వస్తాను. అప్పటిదాకా కాస్త ఆలోచించండమ్మా."

వాసంతి ఇంటికి వెళ్లింది గానీ అన్నం సయించలేదు. తాను చెప్పింది తప్పని అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. కంచం ముందు కూర్చుంటే మేకలే కనిపించాయి.

మరునాడు శనివారం. ఆ బళ్లో శనివారమంటే జకరయ్య మాస్టారు వచ్చే రోజు.

జకరయ్య మాస్టారు అక్కడే ఇరవై రెండేళ్లు ఒకటో తరగతికి చెప్పి, తొమ్మిదేళ్ల కిందట రిటైరయ్యారు. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదేమోనని వాసంతి ఎగతాళి చేస్తుంటుంది. వారం తప్పకుండా వచ్చి, వరండాలో చాప వేసుకుని, బ్లేడుతో పిల్లల పెన్సిళ్లు చెక్కి పెడుతూ కూర్చుంటారు. కళ్లజోడుకు ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకున్నారు. ఆ దారం కూడా పాతబడిపోయింది.

వాసంతికి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయనంటే ఆమెకు ప్రాణం. ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ కినుక ఉంది. ఒకటో తరగతిలో చేరిన రోజున తాతయ్య ఆమెకు జానెడు పొడుగున్న కొత్త బలపం కొనిచ్చాడు. మాస్టారు దాన్ని అందుకుని, అటూ ఇటూ చూసి, పుటుక్కున విరిచి, చిన్న ముక్క ఆమె చేతిలో పెట్టారు. ఎందుకో చెప్పలేదు. చెప్పే అలవాటు ఆయనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ రోజు వాసంతి వెళ్లి ఆయన చాప అంచున కూలబడింది.

"మాస్టారూ, ఒక పిల్ల దగ్గర ఓడిపోయాను."

మాస్టారు పెన్సిలు చెక్కుతూనే ఉన్నారు. ఆమె మొత్తం చెప్పుకొచ్చింది. శిక్షణలో విన్నది చెప్పింది, క్రేయాన్ల గురించి చెప్పింది, ఆరు వారాల సంగతి చెప్పింది, మేకల సంగతీ చెప్పింది.

"ఎన్ని విధాల చేశానో మీకు తెలీదు. చెయ్యి పట్టుకుని మరీ వేయించాను."

"నువ్వు పట్టుకున్నావు," అన్నారు మాస్టారు. "అది పట్టుకోలేదుగా."

ఇంకేమైనా అంటారేమోనని వాసంతి ఎదురుచూసింది. ఆయన పెన్సిలు మొన మీద ఊది, ఇంకోటి అందుకున్నారు.

అంతలో సామ్రాజ్యం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తిరుపతమ్మ తల్లి చీర చాటున సగం దాక్కుంది. తనకు సంబంధించిన మాటేదో నడుస్తోందని ఆ పిల్లకు తెలుసు. పిల్లలకు ఇలాంటివి మనకంటే ముందే తెలుస్తాయి.

"మాస్టారూ, బాగున్నారా? పచ్చడికి నాలుగు కాయలు తెచ్చాను," అంటూ సామ్రాజ్యం కొంగులోంచి ఒక పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది. "తొడిమలు తీద్దామనుకున్నా, తీరిక చిక్కలా."

మాస్టారు పొట్లం విప్పారు. ఎండుమిరపకాయల్ని చాప మీద కుప్పగా పోశారు.

"ఏమ్మా తిరుపతమ్మా, నాకు కళ్లు సరిగ్గా ఆనవు. కాస్త తొడిమలు తీసి పెడతావా?"

తిరుపతమ్మ తల్లి మొహంలోకి చూసింది. తల్లి తలూపింది. పిల్ల వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆ తర్వాత కళ్లారా చూసినదాన్ని కూడా వాసంతికి నమ్మబుద్ధి కాలేదు. బొటనవేలు, చూపుడువేలు, వాటి కింద ఊతంగా నడిమివేలు. కాయ తీయడం, తొడిమ గిల్లడం, పక్కన పడేయడం. కాయ చితకడం లేదు, గింజ రాలడం లేదు. పదికాయలయ్యేసరికి పిల్లకు భయం పోయింది. చిన్నగా ఏదో పాడుకోవడం కూడా మొదలెట్టింది.

"ఆదివారాలు ఇంటికాడ నాతో కూర్చుంటది," అంది సామ్రాజ్యం, కొంచెం సిగ్గుగా, కొంచెం మురిపెంగా. "నాకన్నా చురుగ్గా తీస్తది."

మాస్టారు వాసంతి వైపు చెయ్యి చాపారు. "ఆ రంగుల పెట్టె తే అమ్మాయ్."

వాసంతి వెళ్లి బీరువాలోంచి పెట్టె తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. మాస్టారు అందులోంచి ఎర్ర క్రేయాను తీశారు. కుప్పలోంచి ఒక మిరపకాయ తీసి దాని పక్కన పెట్టి కొలత చూశారు. మీదున్న కాగితం పర్రున ఒలిచారు. ఆ తర్వాత, వాసంతి నోరు తెరిచే లోపలే, క్రేయానును పుటుక్కున విరిచేశారు.

"అయ్యో మాస్టారూ!"

ఆ అరుపుకు లోపలున్న పదిహేడు మందీ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో మూగారు. విరిగిన క్రేయానును చూసి ఒక్కరూ ఊపిరి తీయలేదు. ఇంత పెద్ద నేరం వాళ్లెవరూ ఎప్పుడూ చేసి ఎరగరు. ఇప్పుడు మాస్టారికి ఏం శిక్ష పడుతుందా అని టీచరు మొహంలోకి చూస్తున్నారు.

వాసంతికి కోపం వచ్చిన మాట నిజం. ఇరవయ్యైదేళ్ల కిందటి కోపం కూడా వచ్చి దాంట్లో కలిసింది.

మాస్టారు ఇదేదీ పట్టించుకోలేదు. ఎర్ర ముక్కను మిరపకాయల కుప్పలో పడేసి, మళ్లీ పెన్సిలు చెక్కుకోసాగారు.

తిరుపతమ్మ పాడుకుంటూ కాయలు తీస్తోంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఈసారి ఎర్ర ముక్క చేతికొచ్చింది. అలవాటుగా మూడు వేళ్లతో పట్టుకుని, రెండో చేత్తో తొడిమ కోసం వెతికింది. దొరకలేదు. తిప్పి చూసింది. అటువైపూ లేదు. మాస్టారు మొహంలోకి చూసి కిసుక్కున నవ్వింది.

"దీనికి తొడిమ లేదు!"

"లేదా? అయితే నువ్వే వెయ్యి."

ఆయన మోకాలి కింద మామిడిపండు బొమ్మ ఉన్న కాగితం ఎప్పుడు పెట్టుకున్నారో ఎవరూ చూడలేదు. దాన్ని తీసి పిల్ల ముందుకు జరిపారు.

తిరుపతమ్మ ముందు తొడిమ వేసింది. అది కాస్త లావుగా వచ్చింది. ఆ తర్వాత పండులోకి దిగింది. ఆ ముక్క పిడికిలి బిగించేంత పొడుగు లేదు. పట్టుకోవాలంటే మూడు వేళ్లతో పట్టుకోవాల్సిందే, మరో దారి లేదు. భుజం కదలడం మానేసింది. మణికట్టు కదిలింది. కాసేపటికి వేళ్లు మాత్రమే కదులుతున్నాయి. నాలుక బయటపెట్టి, అంచు వెంట నెమ్మదిగా వస్తోంది. ఒకచోట రంగు గీత దాటింది. పిల్ల చెయ్యి ఆగి, తనంతట తానే వెనక్కి వచ్చింది.

మామిడిపండుకు పసుపు రంగు వేయాలి కదా అనే మాట వాసంతికి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసుకుంది. అంత ఎర్రటి మామిడిపండును ఆమె ఎక్కడా చూడలేదు. అంత అందమైనదాన్ని కూడా చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయల ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

సామ్రాజ్యం పనికి ఆలస్యమవుతున్నా కదల్లేదు.

"టీచరమ్మా, మరి దీన్ని... అంగన్‌వాడీకి..."

వాసంతి పెట్టె దగ్గరికి వంగి నీలం క్రేయాను తీసింది. ఆ రంగంటే ఆమెకు ఇష్టం. మీది కాగితం చింపబోతుంటే చెయ్యి ఒక్క క్షణం మొరాయించింది. చింపేసింది. విరవబోతే విరగలేదు. మోకాలికి ఆనించి గట్టిగా వంచింది. పుటుక్కుమంది.

"సోమవారం దీన్ని తొందరగా పంపండి," అంది. "ముందు వరసలో కూర్చోబెడతాను. వాళ్ల నాన్నను కూడా ఒకసారి రమ్మనండి, ఈ పండు చూపిద్దాం."

సామ్రాజ్యం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయింది. వాసంతి ఆ చేతులు పట్టుకుని దించేసింది. తల్లి కూతురి తల నిమిరి, వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది.

గుమ్మంలో మూగిన పదిహేడు మంది ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లలో ధైర్యంగలది ఒకటి ముందుకొచ్చి, "టీచర్, మేం కూడా విరవచ్చా?" అని అడిగింది.

వాసంతి తక్కిన పెట్టెలు కూడా తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. అంతే, వరండా అంతా పుటుకు పుటుకుమని మోగిపోయింది. నాలుగు నెలలుగా దాచుకున్న సరదా అంతా ఆ పూటే తీర్చుకున్నారు. గులాబీ ముక్కలు, ఆకుపచ్చ ముక్కలు మిరపకాయల్లో కలిసిపోయాయి. తిరుపతమ్మ వాటికీ తొడిమలున్నాయేమోనని ఒక్కొక్కటీ తీసి చూసి మరీ పక్కన పెడుతోంది.

వాసంతి ఆ గోల మధ్యలోనే మళ్లీ మాస్టారి చాప మీద కూర్చుంది. చేతిలో నీలం ముక్క ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఆ బలపం కోసం నేను రెండు రోజులు ఏడ్చాను మాస్టారూ."

జకరయ్య మాస్టారు చెక్కుతున్న పెన్సిలు మొన మీద ఊదారు.

"తెలుసమ్మా. మూడో రోజు 'అ' రాశావు."