మూడు చిలుకల ముందు నందకుడు

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అనే పట్నాన్ని కేతువర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక కొడుకు నందకుడు, ఒక కూతురు మధూలిక.

నందకుడు మంచివాడే. బాణం వేస్తే గురి తప్పదు. కానీ ఏ బాణం వెయ్యాలో తేల్చుకునేసరికి లేడి అడవి దాటిపోయేది. ఎర్రపాగా చుట్టాలా, పచ్చపాగా చుట్టాలా అని పొద్దున్నే అద్దం ముందు నిలబడితే భోజనాల వేళకి కూడా వట్టి తలతోనే ఉండేవాడు. ఎవరేమడిగినా ఒకటే మాట: "కాస్త ఆలోచించనీ."

బాధ్యత నెత్తిన పడితే దారికొస్తాడని రాజు అతనికి రేవు అప్పగించాడు. మూడు ఓడల నిండా మిరియాలు ఉన్నాయి. తూర్పు దీవులకు పంపాలా, దక్షిణ దీవులకు పంపాలా? ఓడల సరంగు మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడుసార్లూ "కాస్త ఆలోచించనీ" అన్నాడు నందకుడు. ఈలోగా గాలి మళ్లింది, వానలు దిగాయి, మిరియాలు బూజుపట్టాయి. సరంగు తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు.

"తూర్పన్నా పోయేవాళ్లం, దక్షిణమన్నా పోయేవాళ్లం! ఏదీ అనకుండా మా కడుపులు కొట్టావు కదా, దొరా!"

ఆ వారమే, రాజు వేటకెళ్లిన రోజు చూసి, ఘటకర్ణుడనే మాంత్రికుడు నల్లమబ్బు మీద రేవులో దిగాడు.

"ఓడలన్నా ఇవ్వు, నీ చెల్లెలినన్నా ఇవ్వు, కాదంటే నాతో పోరాడు. పొద్దుగూకేలోగా చెప్పు. చెప్పకపోతే ఓడలూ నావే, పిల్లా నాదే."

"ఓడలు పట్టుకుపొమ్మను, అన్నయ్యా! లేదా కత్తి దుయ్యి! ఏదో ఒకటి చెప్పు!" అని మధూలిక అరిచింది.

ఓడలిస్తే నాన్నగారు ఏమంటారో? పోరాడితే ఓడిపోతానేమో? నందకుడు ఆలోచిస్తూనే ఉన్నాడు. పొద్దు గూకింది. మాంత్రికుడు పకపకా నవ్వి ఓడల్నీ, మధూలికనీ మబ్బులో వేసుకుపోయాడు.

రాజు తిరిగొచ్చి నిప్పులు కక్కాడు. "పోరాడి ఓడిపోయుంటే గుండెకి హత్తుకునేవాణ్ణి. నువ్వు ఓడిపోలేదురా, గుడ్లప్పగించి చూశావు! నా బిడ్డను తెచ్చేదాకా నీ మొహం నాకు చూపించకు!"

నందకుడు ఏడుస్తూ ఒడ్డుకు పోయాడు. అక్కడ ఒక ముసలి తాబేలు అతన్ని చూసి, "ఏడు సముద్రాల అవతల ఉంది ఆ మాంత్రికుడి దీవి. నేను మోస్తాను. నాకు చూపు ఆనదు, దారి నువ్వే చెప్పాలి" అంది.

మూడో సముద్రంలో పెద్ద సుడిగుండం ఎదురైంది. "ఎడమా, కుడా?" అని తాబేలు అడిగింది. నందకుడు ఆలోచించాడు. ఈలోగా సుడి లాగేసింది. బయటపడేసరికి తాబేలు డిప్ప పగిలి నెత్తురు కారుతోంది.

"నీ ఆలోచన తగలెయ్య! వీపు నాది కదా, నీకేం నొప్పి?" అని కసిరింది తాబేలు.

నందకుడికి తల కొట్టేసినట్టయింది. అయిదో సముద్రంలో కొండలు అడ్డొచ్చాయి. "ఎడమ!" అన్నాడు వెంటనే. కొంతదూరం పోయాక దారి మూసుకుపోయింది. "తప్పు చెప్పాను. వెనక్కి తిరిగి కుడికి పద."

"హమ్మయ్య! తప్పుదారైతే వెనక్కి తిరగొచ్చు నాయనా. సుడిలో నిలబడితే తిరగడానికి నువ్వే మిగలవు" అంది తాబేలు.

ఏడో సముద్రం దాటి దీవి చేరారు. మాంత్రికుడి తోట నిండా రాతిమనుషులు. నడుమ మూడు పంజరాలు, వాటిలో అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి మూడు చిలుకలు. పక్కనే ఘటకర్ణుడు కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఒక చిలుకలో నా ప్రాణముంది. ఒకటి నీ చెల్లెలు. ఒకటి వట్టి చిలుక. బాగా ఆలోచించుకో నాయనా, తొందరేముంది?" అన్నాడు తియ్యగా.

నందకుడు ఆలోచనలో పడ్డాడు. పాదాలు చల్లబడ్డాయి. చూస్తే కాళ్లు మోకాళ్లదాకా రాయైపోయాయి! ఈ రాతిమనుషులంతా ఇలా ఆలోచిస్తూ నిలబడ్డవాళ్లేనని అప్పుడు తెలిసింది. అతనికి కోపం పొంగింది. వాడి మీదా కోపమే, అంతకు రెట్టింపు తన మీద.

'చంపితే మళ్లీ తేలేను. పట్టుకుంటే వదిలెయ్యొచ్చుగా! దీనికింత భయమెందుకు?'

మాంత్రికుడి మొహం చూస్తూనే చెయ్యి చాచి మొదటి చిలుక మెడ పట్టుకున్నాడు. మాంత్రికుడు నవ్వాడు. నందకుడు దాన్ని వదిలేశాడు. రెండోదాని మెడ పట్టుకున్నాడు. మాంత్రికుడి నవ్వు గొంతులోనే ఆగింది.

"ఆగు! సగం దీవి ఇస్తాను. ఆలోచించుకో!"

"ఆలోచించాను" అని నందకుడు మెడ విరిచేశాడు.

ఘటకర్ణుడు బూడిదయ్యాడు. మూడో చిలుక మధూలికగా మారింది. నందకుడి కాళ్లకు మళ్లీ ప్రాణమొచ్చింది. రాతిమనుషులంతా ఒళ్లు విరుచుకుంటూ కదిలారు. వాళ్లలో కనకాంగి అనే రాకుమారి ముందుకొచ్చింది. "మూడేళ్లు నిలబడ్డాను ఇక్కడ, ఒక్క పంజరం ముట్టుకోలేక!" అని బూడిదను కాలితో తన్నింది. ఆ కోపం నందకుడికి తెగ నచ్చింది. పెళ్లాడతావా అని అక్కడే అడిగాడు. ఆమె సరేనంది.

మూడు ఓడలూ ఎక్కి అందరూ ముత్యాలరేవు చేరారు. రాజు కొడుకును హత్తుకుని, పెళ్లి చేసి, పట్టం కట్టాడు. నందకుడు నలభై ఏళ్లు ఏలాడు. కొన్ని తీర్పుల్లో తప్పాడు కూడా. తప్పిన రోజే సభలో ఒప్పుకుని దిద్దుకునేవాడు.

మధూలిక మాత్రం తిరిగొచ్చాక మూడు నెలలు అన్నతో మాట్లాడలేదు. నాలుగో నెలలో వచ్చి, "నీ మీద కోపం ఇంకా పోలేదు. అయినా రేవు నాకివ్వు, నేను చూసుకుంటాను" అంది. నందకుడు అప్పటికప్పుడే వేలికున్న ముద్ర ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రేవు అంత కళకళలాడటం అంతకుముందెవరూ ఎరగరు.