నొగకాళ్ల దుర్భిణి

ఆ సాయంత్రం ఓబులేసుకు రెండు పనులు చేతకాలేదు. ఒకచోట కూర్చోవడం, అన్నం తినడం.

మూడు నెలలుగా మఠం వెనక పశువుల కొట్టంలో అతను చేస్తున్న కొత్త స్టాండు మధ్యాహ్నానికి పూర్తయింది. చీకటి పడగానే దాని మీద దుర్భిణి ఎక్కించాలి. ఎక్కించి అందరికీ శనిని చూపించాలి. చూపించి, సర్వేస్వామి నోట ‘బాగుంది’ అనే మాట వినాలి. నిజానికి అతనికి కావలసింది ఆ చివరిదొక్కటే.

స్వామి అసలు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. సన్యాసం పుచ్చుకోకముందు సర్వే శాఖలో ఇరవై ఏళ్లు కొలతల యంత్రాలు భుజాన వేసుకుని కొండలెక్కాడు. అందుకని మఠం ఉన్న గుండ్లమిట్ట చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన్ని సర్వేస్వామి అనే పిలుస్తాయి. ఆయన ఉపదేశాలు ఇవ్వడు. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇస్తాడు. పొద్దు కూకితే పెరట్లో దుర్భిణి పెట్టి ఆకాశం చూపిస్తాడు. ఉపదేశం కోసం వచ్చినవాళ్లు మజ్జిగ తాగి, చందమామను చూసి, వచ్చిన పని మర్చిపోయి వెళ్తుంటారు.

ఆయన దగ్గర మజ్జిగకు కరువు లేదు గానీ మెచ్చుకోలుకు మహా కరువు. ఓబులేసు ప్రొద్దుటూరులో లేతు మిషను పని మానుకుని మఠానికి వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో బావి గిలక బాగుచేశాడు, తలుపులకు గడియలు చేశాడు, పొగ రాని పొయ్యి కట్టాడు. ప్రతిదాన్నీ స్వామి ఒకసారి చేత్తో తడిమి ‘ఊఁ’ అన్నాడు. ఆ ‘ఊఁ’ని ఎటు తిప్పి చూసినా అందులో ‘బాగుంది’ కనపడలేదు.

ఈసారి మాత్రం తప్పించుకోలేడనుకున్నాడు ఓబులేసు. ఎందుకంటే పాత స్టాండు అంత దరిద్రంగా ఉండేది.

అది మూడు వెదురు బొంగులు కలిపి కట్టిన సరంజామా. గాలి అక్కర్లేదు, మనిషి ఊపిరి తగిలితే చాలు, పైనున్న దుర్భిణి అదిరేది. ఒకసారి అదిరిందంటే పన్నెండు లెక్కపెట్టేదాకా ఆగేది కాదు. అది ఆగేలోపు చుక్క అద్దం దాటి పోయేది. మళ్లీ వెతకాలి, మళ్లీ అదరాలి.

దానితో అందరికంటే ఎక్కువ అవస్థ పడింది వంట చేసే సుంకులమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్లు సహకరించవు, వంగితే ఏదో ఒకటి పట్టుకోవాలి. ఆమెకు చందమామ అక్కర్లేదు. ఆమెకు కావలసింది శని.

“ఏలినాటి శని నన్ను రెండుతూర్లు పట్టె నాయనా. ఒకతూరి మా ఆయన్ను తీసకపాయ, ఇంకోతూరి ఇల్లు కూల్చె. వాని మొగం ఎట్లుంటాదో నేనొకసారి చూడాల” అనేది. శనివారం శనివారం గుడిలో శనికి నువ్వుల నూనె దీపం పెడుతూనే ఈ మాట అనేది.

ఓబులేసు మూడేళ్లుగా ఆమెకు చూపిస్తూనే ఉన్నాడు. ఆమె వచ్చి, వంగి, కన్ను ఆనించి, “ఆఁ, కనపడె నాయనా” అని చెంపలేసుకుని వంటింట్లోకి పోయేది. ఆ మాట వింటే ఓబులేసుకు కడుపు నిండేది. కానీ మరుసటి ఏడు శని కనపడే రోజులు రాగానే ఆమె మళ్లీ వచ్చి అందరికంటే ముందు నిలబడేది. ఎందుకని అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

కొత్త స్టాండు కాళ్లు మూడూ పాత ఎద్దులబండ్ల నొగలు, కాడిని కట్టే పొడుగాటి దూలాలు. రెండు టన్నుల చెరుకు మోసిన కట్టె అది. వాటి మీద దుర్భిణి కూర్చునే మౌంటు. దాన్ని ట్రాక్టరు చక్రం బేరింగులతో చేశాడు. దుర్భిణి బరువుకు సరితూగడానికి అటుపక్క అయిదు కిలోల తూకపురాయి వేలాడదీశాడు. మౌంటు ఇరుసు సరిగ్గా ధ్రువనక్షత్రం వైపు చూసేలా వంపు ఎంతుండాలో స్వామి చెప్పాడు. మన సీమలో ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు, వంటింటి పెంకుల మీద కూర్చున్నట్టు. అన్నిటికంటే గొప్ప సంగతి పక్కనున్న కుట్టుమిషను చక్రం. భూమి తిరుగుతుంటే చుక్కలు జారిపోతాయి కదా. ఆ చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతుంటే దుర్భిణి కూడా చుక్క వెంబడే నడుస్తుంది.

దాన్ని పెరట్లోకి తెచ్చి నిలబెట్టాక ఓబులేసుకు భయం పట్టుకుంది. ఎవరైనా కాలు తగిలిస్తారేమో. చేయి వేస్తారేమో. స్టాండు చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. అది చాలదనిపించి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ‘ముట్టరాదు’ అని రాసి కర్రకు గుచ్చి నాటాడు.

స్వామి వచ్చి స్టాండు చుట్టూ ఒకసారి తిరిగాడు. అట్టముక్క కూడా చదివాడు.

“ఊఁ” అన్నాడు.

“మొదట మీరే చూడాల స్వామీ” అన్నాడు ఓబులేసు. “మీరు చూడందే నేను చూడను.”

గురువు ముట్టందే శిష్యుడు విస్తరి ముట్టకూడదనే పద్ధతి ఆ మఠంలో ఉంది. దాన్ని ఓబులేసు దుర్భిణి దాకా లాగాడు.

“వచ్చినోళ్లు చూడనీరా ముందు” అని స్వామి పోయి గడప మీద కూర్చుని చెనిక్కాయలు వలుచుకోసాగాడు.

ఏడు కాకముందే ముప్పై మంది దాకా చేరారు. ఓబులేసు మూడు రోజులుగా ఊరంతా దండోరా వేసిన ఫలితం అది. నైరుతి దిక్కున కొండకు జానెడు పైన శని మినుకు లేకుండా వెలుగుతున్నాడు. ఇంకో గంటన్నరలో కొండ చాటుకు పోతాడు. ఇంకొన్నాళ్లు పోతే మళ్లీ ఆరేడు నెలల దాకా సాయంత్రాల్లో కనపడడు.

ఓబులేసు గురి గొట్టంలోంచి చూసి దుర్భిణిని శని వైపు తిప్పాడు. అద్దం ఎంత దూరం జరపాలో గొట్టం మీద పాత గుర్తు ఉండనే ఉంది. కంటికద్దంలోకి మాత్రం తొంగి చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా చూడలేదు.

“ఒకరి తర్వాత ఒకరు రండి. చేతులు వెనక్కి కట్టుకోండి. ఊపిరి బిగబట్టండి. అయిదు లెక్కపెడతా, అంతలో చూసి పక్కకు జరగాల” అన్నాడు.

మొదట దర్జీ హుసేనయ్య వంగాడు. అయిదు లెక్కయింది. ఆయన లేచి, తిన్నగా పోయి వరస చివర మళ్లీ నిలబడ్డాడు. అది చూసి వరసలో కలకలం పుట్టింది. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. ఓబులేసు ఓరకంట గడప వైపు చూశాడు. స్వామి చెనిక్కాయలు వలుస్తున్నాడు.

పాలు పోసే రెడ్డెమ్మ వంగబోతూ తూలి, ఊతకోసం స్టాండు కాలు పట్టుకుంది.

“ముట్టొద్దని చెప్తి కదా!” అని గట్టిగా అరిచాడు ఓబులేసు.

ఆమె నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కుంది. చూడకుండానే పోయి గోడ పక్కన కూర్చుంది. ఓబులేసుకు కాస్త కష్టంగానే అనిపించింది. కానీ వరస ఆగలేదు. ఒక్కొక్కరు పక్కకు జరగగానే గురి గొట్టంలోంచి చూసి చక్రం కాస్త తిప్పుతున్నాడు.

ఈసారి ముస్తాబులో ఆలస్యమై, ఇంకొందరి తర్వాత సుంకులమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, నుదుట విభూతి పెట్టుకుంది. చెప్పినట్టే చేతులు వెనక్కి కట్టుకుంది. వంగింది. మోకాళ్లు గజగజ వణుకుతున్నాయి. ఆమె తల అద్దం ముందు అటూ ఇటూ ఊగుతోంది. ఓబులేసు ఆమెను చూడలేదు, స్టాండును చూస్తున్నాడు. అది ఇసుమంత కూడా కదల్లేదు.

“కనపడిందా అవ్వా?”

“ఆఁ, కనపడె నాయనా.”

“సుంకులమ్మా” అని పిలిచాడు స్వామి గడప మీద నుంచి. “ఎట్లుండాడమ్మా?”

ఆమె కొంగు సర్దుకుంది. “ఎట్లుంటాడు స్వామీ. నల్లగా ఉండాడు.”

అప్పటికే చూసినవాళ్లు పదిమంది ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఓబులేసు నవ్వలేదు. శని నల్లగా ఉండేది గుడిలో. ఆకాశంలో కాదు. మూడేళ్ల ‘కనపడె నాయనా’లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

స్వామి ఒడిలో పొట్టు దులుపుకుని లేచాడు. వంటింట్లోకి పోయి సుంకులమ్మ కూరలు తరిగేటప్పుడు కూర్చునే పీట తెచ్చాడు. తిన్నగా నడిచి వచ్చాడు. సున్నం గీత ఆయన కాళ్ల కింద చెదిరిపోయింది. పీటను దుర్భిణి వెనక వేశాడు. నేల ఎగుడుదిగుడుగా ఉండి పీట ఊగింది. స్వామి చుట్టూ చూశాడు. ‘ముట్టరాదు’ అట్టముక్కను కర్ర నుంచి పీకి, నాలుగు మడతలు పెట్టి, పీట కోడు కింద దూర్చాడు. పీట కుదురుకుంది.

సుంకులమ్మను భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆమె రెండు చేతులూ తీసుకుని, ఒకటి స్టాండు కాలి మీద, ఇంకొకటి మౌంటు మీద పెట్టాడు.

“గట్టిగా పట్టుకో.”

“వద్దు స్వామీ, ఓబులేసు కోప్పడతాడు.”

“స్వామీ, అదురుతాది” అన్నాడు ఓబులేసు.

“అదరనీ. ఎంతసేపు అదురుతాదో నువ్వు లెక్కపెట్టు” అని స్వామి, చెట్టును చరిచినట్టు, స్టాండు కాలిని అరచేత్తో చరిచాడు.

“ఒకటి” అన్నాడు ఓబులేసు. “రెండు.”

“ఆగె” అంది సుంకులమ్మ.

ఆమె ఆ కట్టెను గుంజను పట్టుకున్నట్టు పట్టుకుంది. మోకాళ్ల వణుకు ఆగింది. తల ఆగింది. బిగబట్టిన ఊపిరి పొడుగ్గా వదిలింది.

“స్వామీ” అంది చివరికి. “వీడు నల్లగా లేడే.”

“మరెట్లుండాడు?”

“నెయ్యి రంగుండాడు. ఇంతున్నాడు, చిట్టిగా. నడుముకు వడ్డాణం పెట్టుకోనుండాడు.” అద్దం మీద నుంచి కన్ను తియ్యకుండానే నవ్వడం మొదలుపెట్టింది. “వీడా నన్ను పట్టింది? వీణ్ణి సంకనేసుకోని తిరగొచ్చు కదా.”

ఓబులేసు ఆమె పక్కన చతికిలబడ్డాడు.

“అవ్వా, ఇన్నేండ్లూ కనపడలేదా నీకు?”

“చీకటి కనపడేది నాయనా. నువ్వు అంత అగసాట్లు పడి చూపిస్తాంటే లేదని యెట్ల చెప్పేది?”

అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, దాని మీద సంతోషం కూడా ముంచుకొచ్చింది. మూడూ ఒకేసారి రావడంతో ఏదీ బయటికి రాలేదు.

“జారిపోతాండాడు నాయనా” అంది ఆమె.

ఓబులేసు లేచి కుట్టుమిషను చక్రం మీద వేలు పెట్టి మెల్లగా తిప్పాడు.

“ఆఁ, వచ్చె. మళ్లా మధ్యకొచ్చె.”

ఎవరూ అయిదు లెక్కపెట్టలేదు. ఆమె తనివి తీరేదాకా చూసింది. లేచేటప్పుడు దుర్భిణి వైపు వేలు చూపించి, “ఇంకోతూరి మాయింటికొచ్చినావంటే మొగం గుర్తుపెట్టుకున్యా, జాగర్త” అంది. చెంపలు మాత్రం వేసుకోలేదు.

ఓబులేసు గోడ దగ్గరికి పోయాడు. “రాక్కా” అని రెడ్డెమ్మను పిలిచాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అతను చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టి, ఆమె చెయ్యి స్టాండు కాలి మీద పెట్టాడు. ఆమె చూసింది. చూసి, ఇందాకటి కోపం మర్చిపోయి, “మా ఆయన్ని పిలుచుకొస్తా, వాణ్ణి పోనీకు” అని వీధిలోకి పరిగెత్తింది.

ఆ తర్వాత పెరడు తిరణాల అయింది. ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. నొగలను కావిలించుకున్నారు, మౌంటును పట్టుకున్నారు, ఒకాయన తూకపురాయికి దండం పెట్టాడు. సున్నం గీత అందరి పాదాలకూ అంటుకుని పెరడంతా తెల్లటి అడుగులు పడ్డాయి. హుసేనయ్య మూడుసార్లు చూశాడు, మూడోసారి చక్రం తిప్పుతున్న ఓబులేసుతో, “ఆ చక్రం నా పాత మిషనుదే కదరా, శనిని కుడతాండాదే” అన్నాడు. అందరూ నవ్వారు. ఓబులేసు అందరికంటే గట్టిగా నవ్వాడు.

అతను చక్రం వదల్లేదు. కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తూ తిప్పాడు. కనుబొమలు పైకి లేస్తే శని మధ్యలో ఉన్నాడని, నొసలు ముడిపడితే జారుతున్నాడని అతనికి త్వరలోనే తెలిసిపోయింది.

రెడ్డెమ్మ మొగుడు చూస్తుండగా శని కొండ అంచుకు చేరాడు. “మునుగుతాండాడు, మునుగుతాండాడు, పాయ” అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికో తెలియదు, శనికో, కొండకో.

జనం వెళ్లిపోయారు. సుంకులమ్మ వంటింట్లో పొయ్యి రాజేసి తనలో తనే నవ్వుకుంటోంది. ఓబులేసు చక్రం మీద నుంచి వేలు తీసి చూసుకున్నాడు. ఎర్రగా కందింది.

స్వామి పీట కోసం వచ్చాడు. ఆ సాయంత్రం కంటికద్దంలోకి చూడనిది ఇద్దరే. స్వామి చూడలేదు. స్వామి చూడలేదని ఓబులేసూ చూడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

స్వామి స్టాండు కాలి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఎట్లుందిరా?” అన్నాడు.

“బాగుంది స్వామీ” అన్నాడు ఓబులేసు.

స్వామి “ఊఁ” అని, పీట చంకన పెట్టుకుని వంటింటి వైపు నడిచాడు.