సాబు దాచిన చోటు

ఉరుకుందప్ప చెవుల్లో ఈల మొదలై నాలుగేళ్లయింది. ఆదోనిలో దూది మిల్లు మిషన్ల మధ్య ముప్పై ఆరేళ్లు నిలబడిన మనిషి. మిల్లు మూతబడింది. మిషన్లు పాత ఇనుమోళ్లు ఎత్తుకుపోయారు. చప్పుడు మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చింది.

ఆయన కోరింది పెద్దదేమీ కాదు. చిన్నప్పుడు మంచు పడే పొద్దున నాయన వెంట జొన్నచేనికి పోయి గట్టు మీద నిలబడితే ఏమీ వినిపించేది కాదు. ఆ ఏమీ వినిపించకపోవడం, చచ్చేలోపల ఒక్క పొద్దున, మళ్లీ కావాల. అంతే.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది పూర్తిగా పోయేది కాదు, అలవాటు పడాలన్నాడు. అప్పుడు ఉరుకుందప్ప దస్తగిరి సాబు దగ్గరికి పోయాడు. సాబు సూదుల వైద్యుడు. వెంట్రుకంత సూదులు గుచ్చి, అరగంట పడుకోబెట్టి తీసేస్తాడు.

"డాక్టరు చెప్పింది మానొద్దప్పా. ఇది దానికి తోడు మాత్రమే" అని సాబు ముందే చెప్పాడు.

పది విడతలయినాయి. నిద్ర కొంచెం పట్టింది. ఈల పోలేదు.

ఇంకొకడైతే మానుకునేవాడు. ఉరుకుందప్ప, "అయితే నాకు నేర్పు సాబూ" అని అక్కడే కూర్చున్నాడు. అరవై ఆరేళ్ల శిష్యుడు. సాబు కాదనలేదు. చేతులు రెండుసార్లు కడగడం, ఊపిరి వదిలి సూది ఎత్తడం, సూదిని కాదు మనిషి ముఖాన్ని చూడడం, ఏడాది పాటు ఓపికగా నేర్పాడు. ఇప్పటోళ్లు వారంలో కాగితం తెచ్చుకొని బోర్డు కడతారు. వాళ్ల సంగతి మనకెందుకు.

అయినా ఉరుకుందప్ప మనసులో ఒకటి ముల్లులా దిగింది. ఈలను ఆపే చోటు ఒంట్లో ఒకటుంది. సాబు దాన్ని దాస్తున్నాడు.

ఒకరోజు మిరపకాయల అంగడి బసమ్మ మంచం మీదినుంచి లేచి నవ్వింది. ఆమెకూ చెవుల్లో హోరే. సూదులు పెట్టించుకోవడం అది మూడోసారి.

"ఈ పొద్దు దూరం పోయింది సాబూ. పక్కింట్లో మోగినట్లుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఉరుకుందప్పకు ఒళ్లు మండింది.

"ఆమెకు యాడ పెడితివి?"

"నీకు పెట్టిన కాడనే."

"అబద్ధం! ఏడాది నీ దుప్పట్లు ఉతికితి, నీ మంచాలు సర్దితి. ఆ చోటు నాకొక్కనికే చెప్పకుండా దాస్తివి. ఏం, గోరీలోకి మూటగట్టుకొని పోతావా?"

సాబు కళ్లద్దాలు తీసి కిటికీలో పెట్టాడు. టోపీ తీసి వాటి పక్కన పెట్టాడు. రోగుల మంచం మీద వెల్లకిలా పడుకొని, సూదుల డబ్బా ఉరుకుందప్ప వైపు జరిపాడు.

"పెట్టు."

"నీకేమైంది?"

"నీకైందే."

ఉరుకుందప్ప మంచం దగ్గరికి వచ్చాడు. "ఎప్పటినుంచి?"

"పీర్ల సావిడి కట్టిన ఏడు మొదలాయ. ఇరవై రెండేండ్లు. ఆ చోటు నీకు తెలిస్తే పెట్టప్పా. నేను వెతకని చోటు లేదు."

ఉరుకుందప్ప పోయి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. చెవి ముందు, చెవి వెనక, చిటికెనవేలి గణుపు వెనక, చీలమండ లోపలి పక్క. తెలిసిన చోట్లే. ప్రతి సూదికీ సాబు ముఖం చూశాడు. ఏడాదిలో ఆ ముఖాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూసింది లేదు. ముసలి ముఖం.

స్టూలు లాక్కొని పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి మెల్లగా అడిగాడు.

"ఇది ఆగిపోతే ఏం వినాలని ఉంది సాబూ నీకు?"

"మా యమ్మ విసనకర్ర" అన్నాడు సాబు, కళ్లు మూసుకొనే. "ఎండాకాలం మధ్యాహ్నం నన్ను పండబెట్టి ఇసిరేది. తాటాకుది. ఆకు చినిగి, ఇసిరినప్పుడల్లా ఒక పక్క టపటపమనేది. నిద్రలో ఆమె చెయ్యి వాలిపోతే, ఆ చప్పుడు ఆగేది. నాకు మెలకువ వచ్చేది. మళ్లీ ఇసిరేది."

"నిద్రలోనేనా?"

"నిద్రలోనే."

గోడ గడియారంలో అరగంట దాటిపోయింది. ఉరుకుందప్ప ఉలిక్కిపడి లేచి, ఒక్కొక్క సూదీ తీసి, దూదితో అదిమాడు.

"ఇప్పుడెట్లుంది? మోగుతాందా?"

సాబు కళ్లు తెరిచాడు.

"నువ్వడిగినాక మోగుతాంది."

ఉరుకుందప్ప దూది పక్కన పెట్టాడు. స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకొని కూర్చున్నాడు.

"మీ యమ్మ పేరేంది సాబూ?" అన్నాడు.