చితపకూడని గింజ

నల్లగా, గుండ్రంగా ఉన్న గింజలన్నీ ఆవాలేనా? తొందరపడి తలలూపకండి, ముందు వినండి.

మన తాతలకు వాళ్ళ తాతలు కథలు చెప్పిన కాలానికీ చాలా ముందు, మేఘవరమనే రాజ్యం ఉండేది. ఆ ఏడు వరదొచ్చి విత్తనాల కొట్టు మునిగిపోయింది. ఆవాలు చల్లే అదను దాటిపోతోంది. ఈ పంటా పోతే ఊళ్ళకు ఊళ్ళు పస్తే.

సరిగ్గా అప్పుడు రత్నాకరుడనే వర్తకుడు బండ్లనిండా బస్తాలతో కోట ముంగిట దిగాడు.

"మేలురకం ఆవాలు, మహారాజా."

రైతులకు ప్రాణం లేచొచ్చింది. కానీ కొట్టు బాధ్యత రాజు కేదారవర్మ కూతురు పేరిందేవిది. ఆమె సరేనంటేనే గింజ చేలో పడుతుంది.

పేరిందేవి గుప్పెడు గింజలు తీసి ఎండలో చూసింది.

"వీటికి తళుకు లేదేం?"

"దుమ్ముదారిన వచ్చాయి, రాకుమారీ. నేను మాత్రం మెరుస్తున్నానా?"

జనం నవ్వారు.

ఆమె గింజల్ని అరచేతిలో నలిపింది. ఆవాలైతే నున్నగా జారాలి. ఇవి గరగరలాడాయి.

"గరుకేం?"

"కొత్త పంట. కొన్నాళ్ళాగితే నునుపెక్కుతాయి. ఈలోగా మీ అదను పోతుంది. మీ ఇష్టం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రైతులు ఆమెకేసి గుర్రుగా చూశారు. పేరిందేవికి బీళ్ళలో మొలిచే బలురక్కసి గుర్తొచ్చింది. ఒళ్ళంతా ముళ్ళు, పసుపు పూలు, పశువైనా మూతిపెట్టని కలుపు. దాని గింజా నల్లగా ఇంతే ఉంటుంది.

"ఒక గింజ చితిపి చూస్తాను," అంది.

జనం నివ్వెరపోయారు. విత్తనం గింజను చితిపితే పంట చితికిపోతుందని మేఘవరంలో నమ్మకం.

"వద్దు తల్లీ. పెద్దల నాటి కట్టుబాటు," అన్నాడు రాజు.

"నాన్నగారూ, ఒక గింజ చితిపితే పోయేది ఒక మొక్క. చితపకుండా చల్లితే పోయేవి చేలన్నీ. ఏది ఎక్కువో మీరే చెప్పండి."



ఆమె వంటింట్లోంచి పోపులపెట్టె తెప్పించింది. అందులోని ఆవగింజను రాతిమీద గోటితో నొక్కింది. లోపల పసుపు. పక్కనే బస్తాలోని గింజను నొక్కింది. లోపల తెలుపు.

"ఇది బలురక్కసి. చల్లితే చేలో ముళ్ళు మొలుస్తాయి. దీని నూనె తింటే కాళ్ళు వాచి మంచాన పడతాం."

రైతులు ఒక్కొక్కరే వంగి చూశారు. చూసినవాళ్ళు తలెత్తి రత్నాకరుడివైపు తిరిగారు.

"ఎంత ధైర్యమయ్యా నీకు?" అన్నాడు రాజు.

"మీరిచ్చిందే, మహారాజా. మేఘవరంలో గింజ చితపరని దేశమంతా తెలుసు. ఇంకెక్కడికైనా తెచ్చేవాణ్ణా?"

రాజు తల వంచుకున్నాడు. తరవాత ఆ కట్టుబాటును తన నోటితోనే ఎత్తేశాడు. రత్నాకరుడి చేత అసలైన ఆవాలు తెప్పించాడు. ఈసారి ప్రతి బస్తాలోనూ ఓ గింజ చితిపారు, మొదటిది రాజే చితిపాడు. అదను దాటకుండానే విత్తారు. మేఘవరం చేలన్నీ పసుపుకోక కట్టాయి. ఆ గట్లమీద పేరిందేవి తలెత్తుకు నడుస్తుంటే, "మన పిల్ల" అని రైతులు పొరుగూళ్ళవాళ్ళకు చూపించుకున్నారు.

పరీక్షకు నిలిచిందే నిజం. ఎవరైనా మిమ్మల్ని "అడగొద్దు" అన్నారా? అక్కడే ఆగండి, అక్కడే అడగండి.