గుంపు లేని నాయకురాలు

జీలుగుకోన అడవిలో కణుజు దుప్పులు, కొండముచ్చులు, నెమళ్ళు ఉండేవి. ఒక ఏనుగుల గుంపు కూడా ఉండేది. ఆ గుంపుకి కొండమ్మ పెద్ద.

కొండమ్మ ఎవరినీ గద్దించి ఎరగదు. దారి తేల్చుకునే ముందు ముసలి ఏనుగుల మాట వినేది. గున్నలు అలసిపోతే నీడ చూసి నిలబడిపోయేది. కొండమ్మ నిలబడితే చాలు, అన్నీ చుట్టూ చేరి ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునేవి.

ఒక చలికాలంలో కొండమ్మ చనిపోయింది. పెద్ద కూతురు భద్ర గుంపుకి పెద్ద అయింది.

భద్రకి బలముంది, తెగువ ఉంది. అమ్మ చుట్టూ చేరినట్టే అందరూ తన చుట్టూ చేరాలని మనసు కొట్టుకునేది. అదెలాగో తెలియక, గట్టిగా ఘీంకరిస్తే వస్తారనుకుంది. "నా మాటే మాట!" అనేది. ఏనుగులు భయపడి వచ్చేవి. పని కాగానే దూరంగా జరిగేవి.

ఎండాకాలం వచ్చింది. ఏరు ఎండిపోయింది.

"కొండ అవతల పెద్ద మడుగుంది. పదండి," అంది భద్ర.

కుంటుతూ నడిచే ముసలి ఎర్రమ్మ ముందుకొచ్చింది. "ఆ మడుగు రెండు కోనల అవతల, భద్రా. ఈ ఎండలో గున్నలు అంత దూరం నడవలేవు. ఇక్కడే ఇసుక కింద చెమ్మ వాసన వస్తోంది. చెలమ తవ్వుదాం."

"నడవలేక సాకులు చెబుతున్నావత్తా! వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు ఇక్కడే పడుండండి!"

భద్ర విసవిసా కదిలింది. ఎలాగూ వెనకే వస్తారనుకుంది. కొండ నెత్తికెక్కాక తిరిగి చూస్తే ఒక్క ఏనుగూ లేదు. వెనక్కి వెళ్ళడానికి అభిమానం అడ్డొచ్చింది.

మడుగులో నిజంగానే నిండా నీళ్ళున్నాయి. భద్ర కడుపారా తాగింది. తొండంతో నీళ్ళు పీల్చి చిమ్మబోయి ఆగిపోయింది. చిమ్మితే కేరింతలు కొట్టే గున్నలేవి? ఒక్కతే నీళ్ళలో నిలబడింది. సాయంత్రాలు గాలి కొండవైపు నుంచి వీస్తే చెవులు విప్పుకుని వినేది. ఆకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

తొలకరి పడింది. భద్ర ఇక ఉండలేక తిరిగి వచ్చింది.

గుంపు ఏటి ఒడ్డునే ఉంది. ఇసుకలో వరసగా చెలమలున్నాయి. గున్నలన్నీ క్షేమం. చెల్లెలు సింగారి గుంపుని నడుపుతోంది.

"ఎర్రమ్మత్త ఏది?" అని అడిగింది భద్ర.

"వానకి నాలుగు రోజుల ముందు పోయిందక్కా. 'భద్ర మాటే దురుసు, మనసు మంచిది, తప్పక వస్తుంది' అనేది. రోజూ ఆ మద్దిచెట్టు కింద నిలబడి నీ కోసం చూసేది."

భద్ర మద్దిచెట్టు వైపు తిరిగింది.

"నువ్వొచ్చావుగా, మళ్ళీ ముందు నడుస్తావా?" అంది సింగారి.

"వద్దమ్మా. నువ్వే నడు. నేను గున్నలతో వెనకాల వస్తాను."

భద్ర మద్దిచెట్టు కిందికి వెళ్ళింది. ఎర్రమ్మ నిలబడి నిలబడి అక్కడి నేల అణిగిపోయింది. అక్కడి నుంచి చూస్తే కొండదారి చివరి వంపు దాకా కనిపిస్తోంది. భద్ర చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, నీ కోసమే ఆగాం," అని సింగారి పిలిచింది.

నీతి: పదిమంది మాట విని, వెనకబడినవారి కోసం ఆగేవారి వెంటే పదిమందీ నడుస్తారు.