దొరగారి బండి చప్పుడు

రాజులు పోయినా దొరలు పోని రోజులవి. భుజంగరావు దొర దూరప్రయాణాల మోటారుసైకిల్ కొన్నాడు. దానిమీద ఊళ్లు తిరుగుతూ, కంటపడ్డ కోడినల్లా పట్టి వెనక పెట్టెల్లో వేసుకొచ్చేవాడు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకరోజు దొర మెకానిక్ సైదులు షెడ్డు ముందు బండి ఆపాడు.

"దీని చప్పుడు పిల్లి నడిచినట్టుందిరా. నేనొస్తున్నానని ఊరంతటికీ ముందే తెలియాలి."

"చిత్తం దొరా," అని సైదులు సైలెన్సర్ లోపలి గొట్టాలు పీకేసి దాన్ని ఉత్త డొల్ల చేశాడు. బండి ఉరిమింది. దొర మీసం దువ్వాడు.

పదిరోజులకే కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఏ ఊరెళ్లినా జనం చేతులు కట్టుకుని నిలబడుతున్నారు గానీ, ఒక్క కోడీ కనబడదేంరా? మళ్లీ చప్పుడు రాకుండా చెయ్!"

చుట్టూ జనం పోగయ్యారు. సైదులు పానా అందుకున్నాడు.

"ఇప్పుడే చేస్తాను దొరా. ఒక్క మాట. చప్పుడు చేస్తూ వస్తే దొరొచ్చాడంటారు. చప్పుడు లేకుండా వచ్చి కోళ్లు పట్టుకుపోతే నక్కొచ్చిందంటారు. ఎలా బిగించమంటారు?"

దొర బండెక్కి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు మూడూళ్లకు వినబడింది. కోళ్లక్కూడా.